పేరు తర్వాత పెట్టుకుందాం, ముందు పోయినవాళ్ళను లెక్కపెట్టండి

1948లో నిజాం భారత సైన్యం ముందు తలవంచిన రోజు సెప్టెంబరు 17. 2022లో ఆ రోజున హైదరాబాదులో ఒకే జాతీయ జెండా ఒకే పొద్దున రెండు మైదానాల్లో రెండు పేర్లతో ఎగిరింది. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్ర హోంమంత్రి అమిత్ షా ఎగరేసింది 'హైదరాబాద్ విమోచన' జెండా. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఎగరేసింది 'తెలంగాణ జాతీయ సమైక్యత' జెండా. ప్రభుత్వం మారింది. 2024లో కొత్త ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అదే పబ్లిక్ గార్డెన్స్‌లో అదే తేదీకి 'ప్రజా పాలన దినోత్సవం' అని ఇంకో పేరు పెట్టారు. కమ్యూనిస్టులు తమ సాయుధ పోరాట వారోత్సవాలు తాము చేసుకుంటారు. మరికొందరికి అది విద్రోహ దినం. ఉర్దూలో రాసే పాత తరానికి సుఖూత్-ఎ-హైదరాబాద్, అంటే హైదరాబాద్ పతనం.

ఆ వారం టీవీ చర్చలు చూడండి. "విమోచనమా, విలీనమా, విద్రోహమా? ఒక్క మాటలో చెప్పండి సార్, టైం లేదు" అంటాడు యాంకర్. ముప్పావు శతాబ్దం దాటిపోయింది, మనకింకా టైం లేదట!

నాకు ఆ ఒక్క మాట అక్కర్లేదు. పేరు మీద ఇంత రచ్చ ఎందుకు జరుగుతోందో తెలుసు గనకే అక్కర్లేదు. పేరు పెట్టడానికి ఖర్చు లేదు. ఫ్లెక్సీ కొట్టించి, పోలీసు కవాతు పెట్టించి, నాలుగు డప్పు బృందాలను పిలిస్తే అయిపోతుంది. అదే 1946 నుంచి 1951 దాకా ఈ నేల మీద ఎవరు ఎవరి చేతిలో చచ్చిపోయారో ఊరి పేరుతో, మనిషి పేరుతో రాసి పెట్టమనండి, ఒక్కడు ముందుకు రాడు. ఆ లెక్క తీస్తే ప్రతి పార్టీకీ తన అటక మీద తానే దాచుకున్న మూట ఒకటి దొరుకుతుంది. అందుకే పేరు మీద కొట్లాట, లెక్క మీద మౌనం.

బైరాన్‌పల్లితో మొదలుపెడదాం, అందరికీ తెలిసిన ఊరు కాబట్టి. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. ఊళ్ళో ఎత్తైన బురుజు. నిజాం కొమ్ము కాసిన సాయుధ దండు రజాకార్లు అంతకుముందు దాడికొస్తే ఊరివాళ్ళు తరిమికొట్టారు. బురుజు మీద కాపలా పెట్టుకున్నారు, నాటు తుపాకులు సిద్ధం చేసుకున్నారు, వడిసెలలకు రాళ్ళు పోగేసుకున్నారు. ఆ ఓటమి కసితో 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లు ఈసారి నిజాం సైనికులను వెంటబెట్టుకుని వచ్చారు. బురుజు మీద మందుగుండు అయిపోయింది. తర్వాత జరిగింది యుద్ధం అనడానికి వీల్లేదు. దొరికిన మగవాళ్ళను వరసగా నిలబెట్టి కాల్చేశారు. ఆడవాళ్ళకు ఏం చేశారో ఆ ఊరి ముసలివాళ్ళు చెప్పారు, నేనిక్కడ రాయను. చచ్చిపోయింది ఎందరు? ఒకచోట 96 అని ఉంటుంది, మరోచోట 118 అని ఉంటుంది. ప్రతి సెప్టెంబరులోనూ నాయకులందరి నోళ్ళలో నానే ఊరు ఇది. ఈ ఊరి మృతుల సంఖ్య మీదే ఇన్నేళ్ళకూ ఏకాభిప్రాయం లేదంటే, పేరు కూడా ఎవరూ తలవని ఊళ్ళ సంగతి ఏమనుకోవాలి?

బైరాన్‌పల్లికి ఐదారు రోజుల ముందే, ఆగస్టు 21 రాత్రి, హైదరాబాదు నగరంలో షోయబుల్లా ఖాన్‌ను నరికారు. 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు. నిజాం రాజ్యం భారతదేశంలో కలవాలని, రజాకార్ల ఆగడాలు ఆగాలని రాసినందుకు ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తుంటే దాడి చేశారు, రాసిన చెయ్యిని తెగ్గొట్టారు. కొద్ది గంటల్లో ప్రాణం పోయింది. ఆయన ముస్లిం, చంపినవాళ్ళూ ముస్లింలే. ఈ ఒక్క హత్యను గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగినవాడు, ఆ కాలాన్ని హిందూ ముస్లిం పోరుగా కుదించి చెప్పలేడు. అలాగని మతం ఊసే లేదని మనలో కొందరు ఉదారులు చెప్పే జోలపాట కూడా నమ్మకండి. రజాకార్ల నాయకుడు, లాతూరు వకీలు కాసిం రజ్వీ నడిపిన మజ్లిస్ సిద్ధాంతమే 'ప్రతి ముస్లిమూ పాలకుడే' అన్నది. దక్కన్‌లో పేద ముస్లిం దూదేకులవాడికి, టాంగావాడికి నువ్వే రాజువని చెప్పి, చేతిలో కత్తి పెట్టి, పక్కింటివాడి మీదికి పంపడం మత రాజకీయం కాకపోతే మరేమిటి?

ఇక దొరలు. వీళ్ళ దగ్గర 'విమోచన' కథకు కాళ్ళు తడబడతాయి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పండించిన పంటను ఎత్తుకుపోవడానికి గూండాలను పంపింది ఎవరు? విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపిన తుపాకులు ఎవరివి? ఆ దేశ్‌ముఖ్ మనుషులవే. అంతకు కొన్నేళ్ళ ముందు కామారెడ్డిగూడెంలో అదే దేశ్‌ముఖ్‌ను కోర్టు దాకా లాగిన షేక్ బందగీని చంపించారు. 'మా భూమి' నాటకం ఆ మనిషి కథలోంచే పుట్టింది. హిందూ దొర చేతిలో ముస్లిం రైతు చనిపోయాడు, హిందూ రైతులు అతన్ని అమరుడన్నారు. వెట్టి చేయించుకున్నది, గడీలో కాళ్ళు మొక్కించుకున్నది, ఊళ్ళకు ఊళ్ళు తన పేర రాయించుకున్నది ఆ దొరే. నిజాం కొలువులో ఫర్మానా ఉర్దూలో ఉండేది గానీ, కొరడా మాత్రం అచ్చ తెలుగులో తగిలేది. ఇవాళ ఐలమ్మ పేరు విశ్వవిద్యాలయానికి పెట్టారు, మంచిదే. ఆమె ఎవరి మీద పోరాడిందో ఆ విశ్వవిద్యాలయం గోడ మీద పేరుతో సహా రాయండి. అప్పుడు ఆ సభకు వచ్చే ముఖ్య అతిథుల్లో ఎందరు ముఖం చాటేస్తారో చూడాలని నాకు సరదాగా ఉంది.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం 'పోలీసు చర్య' పేరుతో నాలుగు వైపుల నుంచీ లోపలికి వచ్చింది. 17న నిజాం రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించాడు. మరునాడు నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ భారత సైన్యపు మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయాడు. మన పాఠం ఇక్కడ చప్పట్లతో ఆగిపోతుంది. నిజానికి అసలు ఘోరం ఆ తర్వాతే మొదలైంది.

నెహ్రూ ప్రభుత్వమే ఒక బృందాన్ని పంపింది. గాంధేయవాది పండిట్ సుందర్‌లాల్, హైదరాబాదులో 'పయాం' పత్రిక నడిపిన ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ. 1948 నవంబరు 29 నుంచి డిసెంబరు 21 దాకా తిరిగారు. సంస్థానంలోని 16 జిల్లాల్లో తొమ్మిదింటికి వెళ్ళారు. వెళ్ళలేని 109 ఊళ్ళ నుంచి వచ్చిన ఐదు వందల మందికి పైగా మనుషులతో మాట్లాడారు. పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని తేల్చారు. వాళ్ళలో అత్యధికులు ముస్లింలు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో 18 వేలకు తగ్గలేదు. "అదంతా మరాఠా, కన్నడ సీమల గొడవ, మనకేం సంబంధం" అనేవాళ్ళ కోసం తర్వాతి వాక్యం కూడా చెప్తాను. ఔరంగాబాద్, బీడ్, మెదక్, నల్గొండ, ఈ నాలుగు జిల్లాల్లో కలిపి కనీసం 5 వేలు. మెదక్, నల్గొండ ఎక్కడున్నాయో చెప్పనక్కర్లేదు కదా?

ఒక బావి దగ్గర నిలబడి ఆ ముగ్గురూ శవాలు లెక్కపెట్టారు. పదకొండు. వాటిలో ఒక తల్లి, ఆమె రొమ్ముకు అంటుకుని పసిబిడ్డ. కందకాల్లో కుళ్ళిన దేహాలు, కాల్చేసిన చోట మిగిలిన పుర్రెలూ ఎముకలూ చూశామని రాశారు. రజ్వీ సొంతూరు లాతూరులో ఇరవై రోజులకు పైగా చంపుతూనే ఉన్నారు. పదివేల ముస్లిం జనాభాలో వాళ్ళు వెళ్ళేసరికి ఊళ్ళో ఉన్నది మూడు వేలు. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు దగ్గరుండి లూటీ చేయించారని, తామే చేశారని కూడా రాశారు. ఈ హింసకు వెనక రజాకార్లు అంతకుముందు చేసిన దారుణాల మీద పగ ఉందని రాశారు. ప్రాణాలకు తెగించి ముస్లిం పొరుగువాళ్ళను కాపాడిన హిందువుల గురించీ రాశారు. ఏకపక్షంగా రాశారనేవాళ్ళు ఆ పేజీలు తిప్పితే బాగుంటుంది.

ఆ నివేదికను ఏం చేశారు? సర్దార్ పటేల్ ఒప్పుకోలేదు. రజాకార్ల దౌర్జన్యాలను పక్కనపెట్టారన్నది ఆయన అభ్యంతరం. సరే, అభ్యంతరం రాసి పక్కన జతచేసి ప్రచురిస్తే పోయేది. ప్రచురించలేదు. నెహ్రూ గారి సర్కారు తాను పంపిన బృందం తెచ్చిన కాగితాలను తానే తొక్కిపెట్టింది. దశాబ్దాల తర్వాత, 2013లో, ఏ.జి. నూరానీ తన పుస్తకంలో అచ్చు వేశాకే మామూలు పాఠకుడి చేతికి అందింది. అదీ ఇంగ్లీషులో. మెదక్ జిల్లా మనుషుల చావు గురించి మెదక్ జిల్లా మనిషి తన భాషలో చదువుకోవడానికి ఇవాళ్టికీ ప్రభుత్వం వేసిన ప్రతి ఒక్కటీ లేదు.

అక్కడితో అయిపోయిందా? సైన్యం వెనకాలే గడీల దొరలు ఖద్దరు తొడుక్కుని తిరిగొచ్చారు. సాయుధ పోరాటంలో రైతులు పంచుకున్న భూములు లాక్కున్నారు. నిజాం మీద యుద్ధానికని వచ్చిన సైన్యం 1951 అక్టోబరులో పోరాట విరమణ దాకా నల్గొండ, వరంగల్, ఖమ్మం అడవుల్లో, పల్లెల్లో కమ్యూనిస్టు సంఘాల మనుషులను వేటాడింది. పోరాటం మొత్తంలో నాలుగు వేల మంది కమ్యూనిస్టులు, రైతు వీరులు చనిపోయారని కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య లెక్క చెప్పారు. పదివేల మందికి పైగా మూడు నాలుగేళ్ళు నిర్బంధ శిబిరాల్లో మగ్గారు. మరి మీరు విమోచన అంటున్నది ఎవరి నుంచి? నిజాం గారు 1956 అక్టోబరు 31 దాకా రాజప్రముఖ్‌గా దర్జాగా ఉన్నారు, ఏటా 50 లక్షల రాజభరణం పుచ్చుకున్నారు. కడవెండి రైతు మాత్రం జైల్లో ఉన్నాడు.

ఇప్పుడు ఆ అటకల మీది మూటలు దింపుదాం.

బీజేపీ వాళ్ళకు బైరాన్‌పల్లి కావాలి, లాతూరు వద్దు. రజాకారు కావాలి, దేశ్‌ముఖ్ వద్దు. 2024 మార్చిలో, లోక్‌సభ ఎన్నికలకు రెండు నెలల ముందు, 'రజాకార్' సినిమా వచ్చింది. అందులో చూపిన ఘోరాలు జరగలేదని నేననను. జరిగాయి, బైరాన్‌పల్లి మీదుగానే నేనీ లెక్క మొదలుపెట్టాను. ఘోరం జరిగిందని చెప్పడం వేరు, ఇవాళ పాతబస్తీలో పంక్చర్లు వేసుకునే కుర్రాణ్ణి దానికి జవాబు చెప్పమనడం వేరు. బైరాన్‌పల్లి శవాలను చూపించి ఓటు అడిగేవాడు ఆ శవాలకు బంధువు కాడు, దళారి.

కాంగ్రెస్ వాళ్ళకు ప్రజా పాలన అనే మెత్తని మాట దొరికింది. ఆ మాటలో ఎవరూ చావరు. నివేదికను తొక్కిపెట్టింది తమ పెద్దలే, రైతుల మీదికి సైన్యాన్ని నడిపింది తమ ప్రభుత్వమే. అందుకని చరిత్రలోంచి తీసేసి, సెప్టెంబరు 17ను దరఖాస్తులు తీసుకునే రోజులా మార్చేశారు. తెలివైన పనే! బీఆర్ఎస్ తెలివి ఇంకో రకం. ఉద్యమ కాలంలో అధికారికంగా జరపరా అని సమైక్య రాష్ట్ర ముఖ్యమంత్రులను నిలదీసి, గద్దెనెక్కాక 2022 దాకా ఆ ఊసే ఎత్తలేదు. అమిత్ షా మైదానం బుక్ చేసుకున్నాక గానీ గుర్తు రాలేదు.

మజ్లిస్ మాట: రజ్వీ వెంట నడిచేవాళ్ళు పాకిస్తాన్ వెళ్ళిపోయారు, ఇక్కడ మిగిలింది ఈ దేశాన్ని ప్రేమించేవాళ్ళు. బాగుంది. రజ్వీ 1957లో జైలు నుంచి బయటపడి నిజంగానే వెళ్ళిపోయాడు. కానీ పార్టీ పేరు ఆయనతో వెళ్ళలేదు, ఇక్కడే ఉంది. ఆ పేరును మళ్ళీ ఎత్తుకున్నవాళ్ళు ఆ పేరు మీద పడ్డ నెత్తురు గురించి నాలుగు సూటి మాటలు చెప్పాలి. బైరాన్‌పల్లి వెళ్ళి చెప్పాలి. అలా చెబితే లాతూరు గురించి అడిగే నోరు ఇంకా గట్టిపడుతుంది.

కమ్యూనిస్టులు నాకు ఇష్టమైనవాళ్ళు, అందుకని వదిలేస్తానా? ఆర్యసమాజం, స్టేట్ కాంగ్రెస్ వాళ్ళు 1938లోనే సత్యాగ్రహం చేసి జైళ్ళు నింపిన సంగతి మీ వారోత్సవాల్లో ఎవరైనా తలుస్తారా? 1948 మేలో నిజాం ప్రభుత్వం మీ పార్టీ మీద నిషేధం ఎత్తేసిన వింత సందర్భాన్ని కార్యకర్తలకు విడమరిచి చెప్పారా? దళాల చేతిలో చనిపోయిన పటేళ్ళు, పట్వారీలు, ఇన్ఫార్మర్ అన్న అనుమానం మీద పోయినవాళ్ళు, వాళ్ళ పేర్ల జాబితా ఎక్కడుంది? ప్రజాకోర్టులో తప్పు తీర్పులు పడలేదని ప్రమాణం చేయగలరా?

"పాత గాయాలు కెలకొద్దు" అంటారు పెద్దమనుషులు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. కెలుకుతున్నది ఎవరు? ఏటా మైకు కట్టి, తెర మీద రంగులద్ది కెలికేవాళ్ళకు అడ్డు చెప్పరు. ఎవరో ఒక పరిశోధకురాలు రికార్డర్ పట్టుకుని ఊరికెళ్ళి ముసలామెను అడిగితే మాత్రం మీకు శాంతిభద్రతలు గుర్తొస్తాయి. ఇంకో రకం వాదన ఉంది, దాన్ని నేను గౌరవిస్తాను. రెండు వైపుల చావులనూ పక్కపక్కన పెడితే ఒకదానికి ఒకటి చెల్లు అన్నట్టు అవుతుందని. అవదు. బైరాన్‌పల్లికి లాతూరు చెల్లు కాదు, లాతూరుకు బైరాన్‌పల్లి చెల్లు కాదు. బావిలోని ఆ పసిబిడ్డ ఏ రజాకారు చేసిన అప్పూ తీర్చలేదు. పక్కపక్కన రాయమనేది తూకం కోసం కాదు. ఒకదాన్ని దాచి ఇంకోదాన్ని చెప్పినప్పుడల్లా చెప్పిన నిజం కూడా అబద్ధపు పనికే వాడుకోబడుతోంది కాబట్టి.

మనకు చరిత్రను బహిరంగంగా పట్టించుకోవడమంటే రెండే పనులు తెలుసు. విగ్రహం పెట్టడం, విగ్రహం పడగొట్టడం. ఎన్టీఆర్ హయాంలో ట్యాంక్‌బండ్ మీద వరసగా పెట్టాం, 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌లో కొన్ని పడగొట్టాం, మళ్ళీ పెట్టాం. ఆ విగ్రహాల కింద ఉన్న రాతలు ఆగి చదివినవాళ్ళు ఎంతమంది? పక్కనే మొక్కజొన్న కంకి తింటూ సెల్ఫీ తీసుకోవడమే చూశాను నేను. నిజాం నగల ప్రదర్శన పెడితే క్యూ కట్టాం. వెట్టి మీద, గడీల మీద, 1948 మీద ఈ రాష్ట్ర ప్రభుత్వం నిలబెట్టిన పెద్ద మ్యూజియం ఏదని పిల్లాడు అడిగితే ఏ బస్సు ఎక్కమని చెప్పాలి?

చేయాల్సిన పని చేతకానంత కష్టమైందేమీ కాదు. సుందర్‌లాల్ నివేదికను, దాని మీద పటేల్ అభ్యంతరంతో సహా, తెలుగులోనూ ఉర్దూలోనూ అచ్చువేసి ప్రతి జిల్లా గ్రంథాలయంలో పెట్టండి. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ భవనం ఉంది. అక్కడ ఉర్దూ, పారశీ కాగితాలు గుట్టలుగా ఉన్నాయి. వాటిని చదవగలిగినవాళ్ళను ఉద్యోగాల్లోకి తీసుకోండి. ఉర్దూ రెండో అధికార భాష అని చట్టం చేసింది ఇందుకు కాకపోతే ఇంకెందుకు? ఊరూరికీ మనుషులను పంపి మృతుల పట్టిక తయారుచేయించండి. రజాకార్లు చంపినవాళ్ళు, దొరలు చంపించినవాళ్ళు, సెప్టెంబరు తర్వాత మూకలు చంపినవాళ్ళు, సైన్యం కాల్చినవాళ్ళు, దళాలు చంపినవాళ్ళు, అందరూ ఒకే పుస్తకంలో, ఊళ్ళ అక్షరక్రమంలో. కులం, మతం, పార్టీ వారీ అధ్యాయాలు వద్దు. తప్పులొస్తాయి, కేసులు పడతాయి, ఏదో ఒక ఊళ్ళో మా తాత పేరు ఆ వరసలో ఎందుకు రాశారని కర్రలు లేస్తాయి. లేవనివ్వండి. అప్పుడు కనీసం జరిగినదాని మీద కొట్లాడుకుంటాం.

బాయి గట్టున నిలబడి చూసిన పదేళ్ళ పిల్లకు ఇప్పుడు తొంభై దగ్గరపడుతున్నాయి. బురుజు మీదికి రాళ్ళు మోసిన కుర్రాళ్ళు దాదాపు అందరూ పోయారు. ఈ పట్టిక కోసం ముఖ్యమంత్రి సంతకంతో ఒక్క జీవో రావాలి, మెదక్, నల్గొండ కలెక్టర్లకు పది మంది చొప్పున మనుషులను ఇవ్వాలి. వచ్చే ఉత్సవానికి మైదానం బుక్ చేసే ఫైలు కంటే ముందు ఆ ఫైలు కదపండి. కదపలేమంటే అసెంబ్లీలో నిలబడి ఎందుకు కదపలేరో చెప్పండి, అన్ని పార్టీల వాళ్ళూ, మజ్లిస్‌తో సహా, అదే రోజు.